గొడ్డలి మనవాడైన వేసవి

ఫుట్‌బాల్ జట్టు కొత్తగా ఎవరిని తీసుకుందో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది టైలరక్కకే. పేపర్లో రావడానికి రెండు రోజుల ముందే, క్లబ్బులో సామాను చూసుకునే కిట్ల బాబాయి చొక్కాల మూట తెచ్చి ఆమె బల్ల మీద పడేసేవాడు. వాటి వీపు మీద పేర్లూ నెంబర్లూ కుట్టడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పనే. కుడుతూనే ఆటగాడి జాతకం చెప్పేసేది. "వీడు గాలొస్తే పడిపోతాడు బాబాయ్." "ఈ గోల్‌కీపరు బంతి కనబడితే పక్కకి తప్పుకుని దారిచ్చే రకం." పదింట్లో ఏడు నిజమయ్యేవి. మిగతా మూడింటి ఊసెత్తే ధైర్యం బాబాయికి లేదు.

ఆ వేసవి సెలవుల్లో మూటలో మూడే చొక్కాలు వచ్చాయి. మొదటిది ఒక పొడుగాటి ఫార్వర్డుది. రెండోది ఇంకో గోల్‌కీపరుది. "ఉన్న ఇద్దర్నీ ఏం చేసుకుంటారు, ఊరగాయ పెడతారా?" అంది టైలరక్క. బాబాయి నవ్వలేదు. మూడో చొక్కా పేరు రాసిన చీటీని బల్ల మీద బోర్లా పెట్టి, కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె చీటీ తిప్పి చదివింది. మిషను తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి.

"ఇది... వాడేనా? గొడ్డలా?"

"వాడేనమ్మా."

ఆరేళ్ల క్రితం ఏటి అవతలి జట్టుతో ఆడిన ఆటలో, గొడ్డలని పేరుపడ్డ ఆ డిఫెండరు పక్కనుంచి దూసుకొచ్చి ఆమె తమ్ముడి మోకాలు విరిచాడు. చప్పుడు గ్యాలరీలో మూడో వరుస దాకా వినబడింది. అప్పటికి తమ్ముడికి ఇరవై రెండేళ్లు. మళ్లీ ఆడలేదు. రెండు వీధుల అవతల టైర్ల షాపులో చేరాడు. ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటే దిగుతాడు. ఆ తర్వాత ఏటి అవతలి జట్టు వచ్చినప్పుడల్లా టైలరక్క గొంతు పోయేదాకా గొడ్డలిని తిట్టేది. 'కాళ్లు విరిచేవాడా, ఇంటికి పో' అని తెల్లగుడ్డ మీద ఎర్రగా కుట్టి, గ్యాలరీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలాడదీసింది కూడా.

"నెంబరెంత?" అంది.

"నాలుగు."

తమ్ముడిది ఏడు. ఏడు కాదు, అదే పదివేలనుకుంది. అంతలోనే అలా అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. చొక్కా తీసి బాబాయి చేతిలో కుక్కి, "ఇది నా చేత కాదు" అని షట్టరు సగం దించేసింది.

నేరుగా టైర్ల షాపుకి నడిచింది. తమ్ముడు చక్రానికి బోల్టులు బిగిస్తున్నాడు. ఈ మాట ఎలా చెప్పాలా అని దారంతా నలిగిపోయింది. తీరా చెబితే వాడు తలెత్తకుండా, "తెలుసక్కా" అన్నాడు.

"తెలుసా?"

"జట్టు మేనేజరు ముందే ఫోన్ చేసి అడిగాడు. నీకేమైనా అభ్యంతరమా అని. తీసుకోండి అన్నాను."

ఆమె అక్కడున్న టైర్ల దొంతర మీద కూలబడింది. "నీకు మతిగానీ పోయిందేంట్రా?"

తమ్ముడు చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేను ఆస్పత్రిలో ఉన్న నాలుగు నెలలూ ప్రతి ఆదివారం వచ్చేవాడక్కా. నువ్వు సాయంత్రం వచ్చేదానివి కదా, అతన్ని పొద్దున్నే రమ్మనేవాణ్ని. మొదటి రోజు ఒక్క మాట మాట్లాడలేదు. మంచం పక్కన నిలబడి ఏడ్చి వెళ్లిపోయాడు."

"ఆరేళ్లు! ఆరేళ్లుగా నాతో ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు!"

"చెబుదామనే అనుకున్నా. ఈలోగా నువ్వు ఆ గుడ్డ కుట్టావు. వారం రోజులు కూర్చుని కుట్టావు. ఇంక నోరు రాలేదు."

వాడి మీద కోపమో, గొడ్డలి మీద కోపమో, తన మీద సిగ్గో ఆమెకే తెలియలేదు. లేచి వచ్చేసింది. రెండు రోజులు తమ్ముడి ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు బాబాయికి కబురుపెట్టి చొక్కా తెప్పించుకుంది. పని పనేనంది. పేరు కుడుతుంటే సూది రెండుసార్లు విరిగింది.

మొదటి ఆటకు తమ్ముడు ఆమె పక్కనే కూర్చున్నాడు. గొడ్డలి మైదానంలోకి రాగానే సగం గ్యాలరీ చప్పట్లు కొట్టింది, సగం ఈలలేసింది. టైలరక్క చేతులు కట్టుకుని కూర్చుంది. ఆట చివర్లో స్కోరు సమానంగా ఉండగా అవతలి జట్టు కుర్రాడొకడు బంతితో పక్కనుంచి దూసుకొచ్చాడు. గొడ్డలి ఎదురెళ్లాడు. బంతి కాలికందేంత దూరంలో ఉంది. సరిగ్గా అప్పుడే కాలు వెనక్కి లాగేసుకున్నాడు. కుర్రాడు దాటుకుపోయి గోల్ కొట్టాడు.

"కాలు పెట్టవేంరా! పడగొట్టు వాణ్ని!"

ఆ అరుపు ఎవరిదో ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. లేచి నిలబడి ఉన్నది తనే. పిడికిలి బిగించి ఉన్నదీ తనే. తిరిగి చూస్తే తమ్ముడు ఆమెకేసే చూస్తున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఆరేళ్లుగా ఇంతేనక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "దగ్గరకెళ్లి కాలు తీసేస్తాడు. అందుకే పాత జట్టు వదిలేసింది."

ఆట ఓడిపోయారు. జనం తిట్టుకుంటూ దిగిపోతున్నారు. టైలరక్క మాత్రం కదల్లేదు. కింద గొడ్డలి ఒక్కడే గోల్ పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. బాబాయి వెళ్లి భుజం తట్టి తీసుకెళ్లాడు.

"మరి నువ్వు తీసుకోమని ఎందుకు చెప్పావురా?" అంది.

"ఇంకెవరూ తీసుకోలేదక్కా."

ఆమె లేచి తమ్ముడి మోచెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మెట్టే కిందికి దిగింది.