మబ్బు పడకముందే

2024 మే నెల. గద్వాల నుంచి ధరూర్ వెళ్లే దారిలో, ఊరికి దూరంగా, పత్తి చేల మధ్య మా పటాకుల షెడ్డు ఉంది. పెళ్లిళ్లకు, దర్గా ఉర్సులకు, జాతరలకు ఆకాశంలో పేలే పటాకులు తయారు చేసి, మేమే వెళ్లి కాల్చి వస్తాం. మా తాత కాలం నుంచి ఇదే పని. అయిజ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా మాకు గిరాకీ ఉంది. సముద్రం ఒడ్డు నుంచి పిలుపు రావడం మాత్రం అదే మొదటిసారి. చీరాల వైపు ఒక చిన్న ఊళ్లో వేసవిలో మూడు రోజులు తీరం పండుగ చేస్తారు. చివరి సాయంత్రం బాణసంచా మాది.

ఆ పని ఒప్పుకున్నది మా అన్న జహంగీర్. ఒప్పుకున్న రెండు నెలలకు, జనవరిలో, గుండెపోటుతో పోయాడు. షెడ్డులో కాదు, ఇంట్లో, చాయ్ తాగుతూ. మా పనిలో ఎవరు పోయినా జనం ముందు అడిగేది అదే కాబట్టి రాస్తున్నాను.

అన్న కాల్చేవాడు. ఫోను, ఆర్డర్ పుస్తకం నావి. గిరాకీలకు అన్న పటాకుల పేర్లు గుల్‌దస్తా, చమన్, చాందినీ అని చెప్పేవాడు. నేను పుస్తకంలో ‘ఎరుపు, నాలుగు అంగుళాలు’ అని రాసుకునేవాణ్ని. అన్న పోయాక ఆ చీరాల పనిని వదులుకుందామని నేనన్నాను. అన్న కూతురు నసీమా ఒప్పుకోలేదు. ఇరవై నాలుగేళ్లది. ఐదేళ్లుగా తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకుంది. తల్లి రెహానా, అంటే మా భాభీ, ఆమెకు ఒక్క షరతు పెట్టింది.

“ఈ ఒక్క షో చెయ్యి. మంచిగైతే షెడ్డు నడుపు. కాకపోతే తాళం ఏస్త. వనపర్తిల కంప్యూటర్ నౌకరీ ఉందన్నవ్ కదా, పోయి చేరు.”

తల్లికి కోపం లేదు, భయం ఉంది. మగవాళ్లకు ఒక షో చెడితే గాలి మీదో, వాన మీదో తోసేస్తారు. ఆడపిల్ల షో చెడితే ఆడపిల్ల కాల్చింది కాబట్టి చెడింది అంటారు. రెండో ఆర్డర్ రాదు. నసీమాకు ఇది తెలుసు.

తెలియని వాళ్ల కోసం మా పని కొంచెం చెబుతాను. ఆకాశంలో పేలే పటాకును షెల్ అంటాం. కాగితం చుట్టిన బంతి అది. దాన్ని నేలలో పాతిన గొట్టంలో దింపుతాం. ఆ గొట్టం పేరు మోర్టార్. ప్రతి షెల్‌కూ ఒక వైరు ఉంటుంది. వైర్లన్నీ దూరంగా ఉన్న ఒక స్విచ్చుల పెట్టెకు వస్తాయి. అది ఫైరింగ్ బోర్డ్. దాని మీద ఎవరి చెయ్యి ఉంటే షో వాళ్లది.

బయలుదేరడానికి ముందు రోజు మధ్యాహ్నం పండుగ కమిటీ సెక్రటరీ సుబ్బారావు గారు ఫోన్ చేశారు. సిగ్నల్ సరిగా లేదు. నేను షెడ్డు బయటికి వచ్చి విన్నాను.

“ఖాజా గారూ, టీవీలో రేపటికి...” మాట తెగి మళ్లీ కలిసింది. “మబ్బు పడకముందే మనం ముగించేసుకోవాలి. ముందుగా మొదలెట్టినా ఏం పర్లేదు.”

“సరే సార్, మబ్బు కాకముందే ఖతం చేస్తం” అన్నాను.

తప్పు అక్కడే జరిగింది. మా వైపు మబ్బు అంటే చీకటి. మబ్బుల లేచిన అంటే తెల్లవారకముందే లేచానని అర్థం. ఆకాశంలో పట్టేదాన్ని మేము మొగులు అంటాం. వాళ్లకు మబ్బు అంటే మేఘం. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచి పుస్తకాలు చదువుతూనే ఉన్నాను, వాటిలో మబ్బు ఎప్పుడూ మేఘమే. కానీ ఫోన్‌లో విన్న చెవి గద్వాలది. అంతటితో ఆగినా బాగుండేది. నేను మర్యాదగల తెలుగు రాసే మనిషిని. ఆర్డర్ పుస్తకంలో మాండలికం ఎందుకని ‘చీకటి పడకముందు ముగించాలి’ అని సరిదిద్ది రాశాను. అందువల్ల ఆ పుస్తకం చదివిన నసీమాకు అసలు మాట కనిపించే అవకాశమే లేకుండా పోయింది.

చదివి ఆమె నా వైపు చూసింది. “చాచా, పగటి పూట రంగులు ఎట్ల కనవడ్తయ్?”

“వాళ్ల ఊరు, వాళ్ల ఇష్టం. చీకటైనంక పడవలు గిట్ల వస్తయేమో.”

పడవల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అర్థం కాని ఆజ్ఞకు కారణం మనమే కుట్టి ఇస్తాం.

మరునాడు వేకువనే డీసీఎం వ్యానులో బయలుదేరాం. మాతో బాలన్న వచ్చాడు. ధరూర్ మనిషి, ఇరవై ఏళ్లుగా మా మోర్టార్లు పాతేది అతనే. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం, బాలన్న ఉంటే తెలుగే. మధ్యాహ్నం రెండు దాటాక తీరం చేరాం. బాలన్న సముద్రం చూడటం అదే మొదలు. గడ్డపార భుజాన పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

“జూరాల డ్యాం గేట్లన్ని తెరిచినా గిన్ని నీళ్లు రావు” అన్నాడు. తర్వాత ఒంగి గొయ్యి మొదలుపెట్టాడు. పది నిమిషాలకు లేచాడు. “గీ మన్ను ఏంది ఖాజా భాయ్, నేను తవ్వుతుంటెనే అది పూడుస్తుంది. నాకన్న హుషారుంది.”

“తడి ఇసుక దాకా పో కాకా” అంది నసీమా.

“తడి దాకా పోతె అవతల శ్రీలంక తగుల్తది బిడ్డా.”

చివరికి ఇసుక సంచులు నింపి, వాటి మధ్య మోర్టార్లు నిలబెట్టాం. అరవై షెల్స్ దింపి, వైర్లు పరీక్షించి, బోర్డ్‌ను జనం నిలబడే తాడు దగ్గర పెట్టాం. పండుగ స్టేజీ అక్కడికి చాలా దూరం. సుబ్బారావు గారు అక్కడ అతిథుల పనిలో ఉన్నారు. ఐదున్నరకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా చుట్టుపక్కల ఐస్‌క్రీం బండ్లు, స్నానాలు చేసి వస్తున్న కుటుంబాలు తప్ప ఎవరూ లేరు.

నసీమా వాచీ చూసుకుంది. “చాచా, జనమేరి?”

“పటాకులు వింటే వస్తరు.”

ఐదూ నలభై ఐదుకు మొదలుపెట్టింది. మా ఇంటి పద్ధతి ప్రకారం పెద్దవి ముందు కాలుస్తాం, మోత విని జనం రావాలని. మొదటి పన్నెండులో మూడు షెల్స్ అన్న చేతివి. పోయే ముందు వారం చుట్టిపెట్టినవి. ఎర్రటి ఎండలో అవి పైకి వెళ్లి గట్టిగా పేలాయి. రంగు కనబడలేదు. తెల్లటి పొగ మూడు ముద్దలుగా లేచి, గాలికి దక్షిణం వైపు వెళ్లిపోయింది. స్నానాల వాళ్లు చెవులు మూసుకున్నారు. ఒకాయన ఐస్‌క్రీం ఇసుకలో పడేసుకుని మమ్మల్ని తిట్టాడు.

పన్నెండోది పేలేసరికి సుబ్బారావు గారు పంచె పైకి కట్టి ఇసుకలో పరుగున వచ్చారు. అరవై ఏళ్ల మనిషి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ అడిగారు.

“ఏంటండీ ఇది? ఎవరు మొదలెట్టమన్నారు?”

“మీరే గద సార్, మబ్బు పడకముందే అన్నరు.”

“అన్నాను. ఏదండీ మబ్బు?” అని ఆయన ఆకాశం చూపించారు.

నేనూ చూశాను. ఎండ కళ్లలో పడింది. “ఇంకా కాలేదు సార్. అందుకే కాలుస్తున్నం.”

“లేనప్పుడు తొందరేంటండీ?”

“అయినంక వద్దన్నరు గద?”

“అయ్యాక అంటే? రాలేదు కదా, ఇక రాదు కూడా. టీవీలో చెప్పారు, ఒంగోలు అవతలికి పోయిందంట.”

“మబ్బు ఒంగోలు పోవుడేంది సార్?”

ఇద్దరం ఒకే ఆకాశం వైపు చూస్తున్నాం, చెరొక దానికోసం. నసీమా బోర్డ్ మీద నుంచి చెయ్యి తీసి, దాని తాళం తిప్పి ఆపేసింది. తర్వాత నెమ్మదిగా అంది, “చాచా, ఫోన్ల సార్ ఏమన్నడు? చీకటి అన్నడా, మబ్బు అన్నడా?”

“మబ్బు.”

“వాళ్ల మబ్బు మన మొగులు చాచా.”

బాలన్నకు ముందు అర్థమైంది. ఇసుక సంచి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. సుబ్బారావు గారికి విడమరిచి చెబితే ఆయనా నవ్వారు, కానీ నవ్వు మధ్యలో ఆగింది. “ఇంకెన్ని ఉన్నాయమ్మా? ఏడున్నరకు ఊరంతా వస్తుంది. ఇరవై నిమిషాలని మైకులో చెప్పేశాం.”

“నలభై ఎనిమిది ఉన్నయ్ సార్. ఇరవై నిమిషాలు చేస్త.”

ఆయన వెళ్లాక నేనన్నాను, “పెద్దవన్ని పోయినయ్ బేటా. తొందరగ కాల్చి పది నిమిషాలల్ల ముగిద్దం. తక్కువున్నయని ఎవరికి తెల్వదు.”

“ఇరవై అన్న చాచా. ఒకటి ఆరినంక ఇంకొకటి కాలుస్త.”

“ఆరినంక జనం లేస్తరు బిడ్డా” అన్నాడు బాలన్న. అది నిజమే. మా జాతరల్లో ఆకాశం ఒక్క నిమిషం ఖాళీగా ఉంటే అయిపోయిందనుకుని బండ్లు స్టార్ట్ చేస్తారు. అందుకే అన్న ఎన్నడూ సందు ఇచ్చేవాడు కాదు. నసీమా మా ఇద్దరి మాటా విని, కాగితం తిప్పి, వెనక వైపు కొత్త వరుస రాసుకుంది. ఆ రోజు సలహా ఇచ్చే హక్కు నాకు మిగల్లేదు.

మోర్టార్ల దగ్గర వైర్లు మళ్లీ చూస్తున్నప్పుడు మాత్రం ఒక మాట చెప్పాను. “మీ అబ్బా చేసినవి మూడు వట్టిగ పోయినయ్. నాదే తప్పు.”

ఆమె వైరు మీద నుంచి తల ఎత్తలేదు. “వాటి పని కాలుడే గద చాచా. మంచిగ కాలినయ్. ఒక్కటి సుత ఆగలే.”

ఏడున్నరకు తాడు అవతల ఇసుక కనిపించనంత జనం. చీకటి పడింది. మేఘం లేదు. నసీమా మొదటి షెల్ వదిలింది. పచ్చరంగు, మూడు అంగుళాలు. జనం అరిచారు. అది ఆరిపోయింది. ఆమె రెండోది నొక్కలేదు. అలల చప్పుడు వినిపించింది. నాకు ఆ గడియ చాలా పొడుగనిపించింది. తాడు దగ్గర ఒకాయన పిల్లను భుజాన వేసుకుని లేచాడు. ఆయన పక్కన చేపల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్న ఒకావిడ ఆయన చొక్కా పట్టి లాగింది.

“కూకోవయ్యా, ఎక్కడికి? అయిపోలేదు. ఆ పిల్ల చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది చూడు.”

ఆయన చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. నసీమా రెండోది నొక్కింది.

ఆ తర్వాత తాడు దగ్గరి వాళ్లంతా ఆమె చెయ్యే చూడసాగారు. చెయ్యి లేస్తే “వత్తంది, వత్తంది” అని వెనక్కి కబురు పోయేది. వెనక వాళ్లు తలలెత్తేవారు. ఆమె ఊరికే ముక్కు గోక్కున్నా “వత్తంది” అన్నారు ఒకసారి. బుట్ట ఆవిడ “ఉండండ్రా, పిల్లను గోక్కోనియ్యండి” అని కసిరింది. జనం నవ్వుతుండగా నసీమా మూడు షెల్స్ ఒకేసారి వదిలింది. ఆ రోజు నేను విన్న అరుపుల్లో పెద్దది అదే.

షెల్స్ నీళ్లలోనూ కనిపిస్తాయని అన్న అనేవాడు. కనిపించాయి. అలలు ఉండటం వల్ల అంత బాగా ఏమీ కనిపించలేదు. జూరాల దగ్గరే బాగుంటుంది.

ఏడూ యాభైకి చివరిది పేలింది. నసీమా రెండు చేతులూ పైకెత్తి చూపించింది, ఇక ఖాళీ అని. అప్పుడుగాని జనం లేవలేదు. సుబ్బారావు గారు వచ్చి, “మధ్య మధ్యలో ఆపడం మీ పద్ధతా అమ్మా?” అని అడిగారు.

“ఇయ్యాల్టి నుంచి సార్” అంది.

మరునాడు గద్వాల చేరాక భాభీ వాకిట్లో మంచం మీద కూర్చుని ఫోన్‌లో షో అంతా చూసింది. బాలన్న తీసిన వీడియో అది. నేను నా తప్పు ముందే చెప్పేశాను. ఆమె ఫోన్ ఇంకా దగ్గరికి జరుపుకుంది. తెర మీదే చూపు.

“నల్లగైతుంది. ఫోన్ చెడిందా?”

“లేదు అమ్మీ. గాడ ఆగిన.”

“మీ అబ్బాకు ఆగుడు రాకపోతుండె” అంది భాభీ. మళ్లీ చూసింది. నల్లగా ఉన్న చోట్ల కూడా వేలితో ముందుకు జరపలేదు. ఇరవై నిమిషాలూ చూసి ఫోన్ నసీమాకు ఇచ్చింది. “నాగర్‌కర్నూల్ నుంచి పెండ్లోళ్లు ఫోన్ చేసిండ్రు. తిరిగి చేస్తమన్న. నువ్వు చెయ్యి.”

నేను పుస్తకం అందుకోబోయాను.

“నువ్వు గాదు ఖాజా” అంది భాభీ. “నువ్వు రాస్తె చాలు. గది సుత వాళ్లు ఏమంటె గదే రాయి.”

అప్పటి నుంచి అలాగే రాస్తున్నాను. గిరాకీ ఏ మాట వాడితే ఆ మాట, పక్కన గడియారం టైము. ఏ ఊరి మాటనూ సరిదిద్దను. మొన్న బల్మూర్ నుంచి ఒకాయన ‘జర పొద్దుగూకినంక’ అన్నాడట. అట్లాగే రాసి, ఎన్ని గంటలకో అడగమని నసీమాకు చెప్పాను. ఆమె అప్పటికే అడిగేసింది.