బాలింతల చింత

ఎల్లారెడ్డి ఊళ్లో మంగవ్వ కాళ్ల మీద నీళ్లు పోయించుకోకుండా పెరిగినవాళ్లు తక్కువ. యాభై ఏళ్లుగా బాలింతలకూ పసిపిల్లలకూ స్నానాలు పోయడమే ఆమె పని. ప్లాట్ల వ్యాపారం చేసే శైలేందర్‌కూ ఆమే పోసింది. ఇప్పుడు ఆ ఇంట్లోనే, పురిటికొచ్చిన అతని కూతురు త్రివేణికీ, మనవడికీ పోస్తోంది.

మంగవ్వ ఇంటి వెనక చింతచెట్టు నిండా గబ్బిలాలే. కామారెడ్డి రోడ్డు పొడవునా చెట్లు కొట్టేసి ప్లాట్లు వేశాక, అక్కడివన్నీ వచ్చి దీన్నే పట్టుకున్నాయి. ఇప్పుడు ఇదీ శైలేందర్ వెంచర్‌లో పడింది. ప్లాట్లు కొనేవాళ్లకు గబ్బిలాలు అపశకునమట! ఉన్న గూడు కూల్చడం మాత్రం శుభశకునం కాబోలు.

సంగతి తెలిసిన రోజే, పిల్లాడికి నూనె రాస్తూ మంగవ్వ అడిగింది.

"శైలేందరూ, చెట్టు కొట్టద్దంటే నువ్వెట్లాగూ ఇనవు. జాగ నీది. గాని అవి గిప్పుడు బాలింతలు. ఒక్కోదాని రొమ్ముకు ఒక్కో పిల్ల కరుసుకోని ఉన్నది. బాలింతను ఇల్లు ఖాళీ చెయ్యుమని ఎవడన్న అంటడా? రెండు నెలలు ఆగు. పిల్లలకు రెక్కలస్తే అవే ఎగిరిపోతయి."

"నువ్వు చెప్పినంక కాదంటనా అవ్వా? గట్లనే కానీ," అన్నాడు శైలేందర్ నవ్వుతూ.

మంగవ్వ నమ్మింది. నమ్మదా మరి, తన చేతుల్లో పెరిగినవాడాయె!

మూడోనాడు త్రివేణికి నీళ్లు పోసి ఇంటికొచ్చేసరికి చెట్టు నేల మీదుంది. తల్లులు మిట్టమధ్యాహ్నపు ఎండలో దిక్కు తోచక తిరుగుతున్నాయి. కొమ్మల కింద నలిగినవి నలగగా, మిగిలిన పిల్లలు దుమ్ములో నోళ్లు తెరిచి అరుస్తున్నాయి. దొరికినవాటిని ఆమె కొంగులో ఏరుకుంది. దూదితో మేకపాలు పట్టింది. రెండు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు.

"నీ నోట్లె మన్నువడ! మాటిచ్చి గొంతు కోసినవు గదరా!" అని వాకిట్లో నిలబడి తిట్టింది. గబ్బిలాలకు ఏడ్చేవాళ్లను ఇప్పుడే చూస్తున్నామని ఇరుగుపొరుగు ముసిముసిగా నవ్వారు. నవ్వరూ! వాళ్ల గూడు కాదుగా.

అయినా స్నానాలు మానలేదు. పసిగుడ్డు ఏం పాపం చేసింది?

మనవడు పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుక, పిల్లాణ్ని ఉయ్యాలలో వేసే పండుగ. చుట్టాలందరి ముందూ శైలేందర్ పళ్లెంలో పట్టుచీర పెట్టి ఆమెకు అందించాడు. మంగవ్వ ముట్టుకోలేదు.

"నాకెందుకు బిడ్డా? దీంతోని నీ మనవనికే తొట్టెల కట్టు. కట్టేతందుకు ఒక్క కొమ్మన్న ఉంచినవేమో సూసుకో."