చింతపండు సోడా పరీక్ష

సల్తీయో ఊరి సోడా ఫ్యాక్టరీలో మేనేజర్లు మారారు, సీసాల మీద బొమ్మలు మారాయి గానీ ల్యాబులో ఎదెల్మీరా మారలేదు. ప్రతి తయారీలోంచి కాస్త తీసి వడగట్టడం, ఆ వడపోత కాగితాన్ని గాజు పళ్ళెంలో వెచ్చగా ఉంచడం, సూక్ష్మజీవులు మొలుస్తాయేమోనని అయిదు రోజులు చూడడం, ఇదీ ఆవిడ పని. ఆవిడ సరే అనేదాకా లారీ కదలదు.

కొత్తగా వచ్చిన ఇంజినీరు మేనేజరు ఎవరిస్తోకి ఇది గొంతులో ముల్లయింది.

"మీ పళ్ళేల్లో ఏం మొలుస్తుందో తేలేలోపు నా గోదాములో గడ్డి మొలుస్తోంది ఎదెల్మీరా గారూ."

"గడ్డయితే కంటికి కనబడుతుంది ఇంజినీరుగారూ, పీకేయొచ్చు."

ఆయన పంతం పట్టి ఓ యంత్రం తెప్పించాడు. సోడాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటే మర్నాటికల్లా వెలుగు చూపిస్తుంది. చర్చి ఫాదర్ని పిలిచి దానిమీద పవిత్రజలం చల్లించాడు.

"తొందరగా చెప్పిందల్లా నిజమైతే మా తోడికోడలు ఈపాటికి ప్రవక్త అయ్యేది ఫాదర్," అంది ఎదెల్మీరా.

నీళ్ళు శుభ్రమంది యంత్రం. నిమ్మసోడా శుభ్రమంది. ఎవరిస్తో కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంతలో ఎండాకాలం తిరునాళ్ళ కోసం చింతపండు సోడా సీసాల్లో నింపారు. యంత్రం వెలిగింది. ఎదెల్మీరా నమ్మక మళ్ళీ పెట్టింది. మళ్ళీ వెలిగింది. మేనేజరు గదికి వెళ్ళింది.

"యంత్రమే కదమ్మా, పొరబడి ఉంటుంది," అన్నాడాయన. "మీ పళ్ళేలు ఏమంటాయో చూద్దాం."

"వాటికి అయిదు రోజులు పడుతుంది."

"పడనీండి. తొందరేముంది?"

"తొందరే. ఇప్పుడే పారబోసి గొట్టాలు కడిగితే తిరునాళ్ళకి కొత్తది అందుతుంది. యంత్రం అబద్ధం చెప్పదండీ." ఆ మాట అన్నది తనేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

ఆయన వినలేదు. సరుకు గోదాములో ఉండిపోయింది. పళ్ళేల్లో ఏదైనా మొలిచేలోపే, ఆ ఎండకి లోపల ఈస్టు పొంగి మూతలు టపటపా ఎగిరాయి. ఎవరో తుపాకీ కాలుస్తున్నారనుకుని హమాలీలు నేలమీద పడుకున్నారు. తిరునాళ్ళలో జనం పక్క ఊరి సోడా తాగారు. పళ్ళేలు మాత్రం బుద్ధిగా అయిదోరోజున మొలకలు చూపించాయి.

చెడ్డ సరుకు ఊళ్ళోకి పోకుండా ఆపినందుకు పెద్దాఫీసు వాళ్ళు మేనేజరుకి శాలువా లాంటిదేదో కప్పారు. "మొదట్నుంచీ నేను యంత్రాన్నే నమ్మాను," అన్నాడాయన మైకులో. ఎదెల్మీరా అందరితోపాటు చప్పట్లు కొట్టి, సభ అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచింది.

"నీళ్ళకి విడిగా ఇంకో యంత్రం కావాలండీ."

"నిదానంగా ఆలోచిద్దాం," అన్నాడు.

ఇంత మెల్లగా నడిచే మనిషితో ఎలా వేగాలని విసుక్కుంటూ ఆవిడ బస్సెక్కింది.