ఊపిరికి కాపలా

ఆ వీధిలో ఎవరికైనా ప్యాంటు పొడవు తగ్గించాలన్నా, చొక్కా నడుము వదులు చేయాలన్నా టైలరమ్మ దగ్గరికే వెళ్ళేవారు. ఆమె కొత్త బట్టలు కుట్టేది కాదు. ఎవరో కుట్టినవాటిని మనుషులకు సరిపెట్టడమే ఆమె పని. ఇల్లంతా కలిపి ఒకటిన్నర గది. ముందు భాగంలో కుట్టుమిషను, బల్ల, నిలువుటద్దం. మధ్యలో పాత దుప్పటితో కుట్టిన పరదా. ఆ పరదా వెనక పగలంతా ఆమె మొగుడు నిద్రపోయేవాడు. బస్సుల డిపోలో మెకానిక్కు. బస్సులు డిపోకి చేరేది రాత్రిపూట కాబట్టి అతని డ్యూటీ కూడా రాత్రిపూటే.

అతని గురక వీధి వీధంతటికీ తెలుసు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక కదిలిపోతే, టైలరమ్మ టేపు బిగించి పట్టుకుని, "కదలకండి. రేపు ప్యాంటు బిగుతైతే మా ఆయన గురక మీదకి నెట్టకూడదు," అనేది. అతని చెల్లెలు వచ్చినప్పుడల్లా, "మా అన్నయ్యది చిన్నప్పట్నుంచీ ఇంతే వదినా. మా ఇంట్లో పిండిమర పెట్టామని పక్కింటివాళ్ళు అనుకునేవాళ్ళు," అని గొప్పగా చెప్పుకునేది.

ఒకసారి డిపోలో జాకీ జారింది. బస్సు మీద పడలేదు గానీ, తప్పించుకోబోయి అతను మరమ్మతు గుంతలోకి వెల్లకిలా పడ్డాడు. నడుము పట్టేసింది. డాక్టరు కొద్ది రోజులకని గట్టి నొప్పి మాత్రలు రాశాడు. చేత్తో తీసేసినట్టు నొప్పి పోయింది. చీటీలో రాసిన రోజులు అయిపోయాయి. మాత్రలు మాత్రం అయిపోలేదు. డిపో వెనక సందులో మందుల షాపువాడు చీటీ అడక్కుండానే ఇచ్చేవాడు. ఒకటి కాస్తా రెండయింది, రెండు కాస్తా గుప్పెడయింది.

టైలరమ్మకు మొదట్లో అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషించింది కూడా. ఎప్పుడూ ముక్కు మీద కోపంతో ఉండే మనిషి మెత్తబడ్డాడు. కూరలో ఉప్పు తగ్గినా పల్లెత్తు మాట అనడం లేదు. ముక్కు గోక్కుంటూ, తనలో తను నవ్వుకుంటూ కూర్చునేవాడు. కొన్నాళ్ళకు అన్నం కలుపుతూ కలుపుతూనే తల వాల్చేయడం మొదలైంది. చెయ్యి కంచంలో, గడ్డం గుండె మీద. పాపం, అలసట అనుకుంది.

ఓ మధ్యాహ్నం ఆమె జీన్స్ ప్యాంటు అంచు కుడుతూ కాలు ఆపింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. మెలకువ వచ్చిందేమోనని, "టీ పెట్టనా?" అని కేకేసింది. జవాబు లేదు. బయట కూరలబండి అరుపు, ఎక్కడో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. లోపల్నుంచి మాత్రం ఏమీ లేదు. పరదా తీసి చూసింది. వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు తెరుచుకుని. పెదాలు సిరా పూసినట్టు నీలంగా ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

ఆమె అరవలేదు. భుజాలు పట్టుకుని కుదిపింది. చెంప మీద కొట్టింది. నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారిగా గుక్క పీల్చాడు.

"ఏంటే, ఎందుకు కొడుతున్నావ్?"

"ఊపిరి ఆగిపోయిందయ్యా నీకు."

"ఆగిపోతే నీతో ఎలా మాట్లాడుతున్నా? పోయి పని చూసుకో," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె మిషను ముట్టుకోలేదు. ఆ చప్పుడులో ఊపిరి వినపడదు. మిషను పాడైందని అందరికీ చెప్పి, కాజాలు, హుక్కులు, చేతి హెమ్మింగు మాత్రమే ఒప్పుకునేది. పరదా పక్కన పీట వేసుకుని, చెవి అటు పెట్టి, సూది గుచ్చుతూ ఉండేది. గురక వచ్చేది, సన్నబడేది, ఆగేది. సూది కూడా గుడ్డలో ఆగేది. తనకు తెలియకుండానే తనూ ఊపిరి బిగబట్టేది. అటునుంచి గుక్క వినిపించాకే ఇటు వదిలేది. ఒక్కోసారి ఆ ఖాళీలో, లోపల ఇంకెవరో నిలబడి అతని ముఖంలోకి వంగి చూస్తున్నట్టనిపించేది. పరదా తీస్తే ఎవరూ ఉండేవారు కాదు. తీయకుండా ఉండడం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు.

వీధి చివర ఉండే నర్సమ్మ ఒకరోజు యూనిఫాం వదులు చేయించుకోవడానికి వచ్చింది. కొలతలిస్తూ గురక విన్నది. అది ఆగినప్పుడు, మాట్లాడొద్దని చేత్తో సైగ చేసింది. ఆ గురక విని నవ్వని మనిషిని టైలరమ్మ అప్పుడే చూసింది.

"మీ ఆయన ఏం మాత్రలు వాడుతున్నాడు?"

టైలరమ్మ ఖాళీ అట్ట తెచ్చి చూపించింది. నర్సమ్మ దాన్ని తిప్పి చదివి, పీట మీద కూలబడింది.

"ఇవి నల్లమందు జాతివమ్మా. నొప్పితోపాటు ఊపిరిని కూడా నిద్రపుచ్చేస్తాయి. ఆసుపత్రికి తీసుకురా, మెల్లమెల్లగా మాన్పిస్తారు. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపెయ్యకండి."

పరదా వెనక అతను మేలుకునే ఉన్నాడు. నర్సమ్మ వెళ్ళగానే బయటికొచ్చి, "నేనేమన్నా మత్తు తినేవాడిలా కనిపిస్తున్నానా? ఈ క్షణం నుంచి ముట్టను," అన్నాడు. అన్నంత పనీ చేశాడు. డిపోకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

ముందు ఆవులింతలు వచ్చాయి. తర్వాత తుమ్ములు, కారే ముక్కు, వాంతులు. ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. దుప్పటి కప్పితే చెమట, తీస్తే వణుకు. "ఎముకల్లో ఎవరో నడుస్తున్నారే," అనేవాడు. నిద్రన్నది లేదు. కన్ను మూతపడబోతే చాలు, కాలు దానంతటదే ఎగిరిపడేది. గోడకు మడమలు రాసుకుని రాసుకుని తోలు లేచిపోయింది. ఆసుపత్రికి పోదామంటే, "డిపోలో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది," అనేవాడు. కాసేపటికి, "పడుకోబెట్టవే. ఎలాగైనా నన్ను పడుకోబెట్టు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు.

ఆ రోజుల్లో ఆమె కూడా కన్ను మూయలేదు. అతని డ్యూటీ చొక్కా ఉతకబోతే, లోపలి జేబులో మాత్రల అట్ట తగిలింది. విసిరేద్దామని గుమ్మం దాకా వెళ్ళింది. లోపల్నుంచి మడమలు గోడకు కొట్టుకునే చప్పుడు వినపడింది. వెనక్కి వచ్చింది. ఇదివరకు అతను ఒకేసారి ఎన్ని మింగేవాడో అన్ని విప్పి, చేతిలో పెట్టుకుని చాపింది. అతను ఆమె చేతిని చూశాడు, ముఖాన్ని చూశాడు. మింగాడు.

మెల్లగా కాళ్ళు ఆగాయి. ముఖం మీద ముడతలు విడిపోయాయి. గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్న టైలరమ్మ, ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఈసారి కుదిపినా, కొట్టినా, నీళ్ళు చల్లినా లేవలేదు. గోళ్ళు కూడా నీలమైపోయాయి. చెప్పుల్లేకుండా వీధి చివరికి పరుగెత్తింది. నర్సమ్మ వచ్చి అతని ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదుతూనే ఉంది, అంబులెన్సు వచ్చేదాకా. అందులో వచ్చినవాళ్ళు ఏదో ఇంజక్షను చేశారు. అతను ఒక్కసారిగా ఎగిరిపడి, గుక్క తిప్పుకోకుండా దగ్గాడు.

వార్డులో డాక్టరు, "కొన్నాళ్ళు మానేశాక ఒళ్ళు పాత మోతాదును తట్టుకోలేదు. అందుకే ఇలా అయింది. ఎవరిచ్చారు మళ్ళీ?" అని అడిగాడు.

టైలరమ్మ నోరు తెరిచింది.

"నేనే తీసుకున్నా," అన్నాడు అతను, బొంగురుపోయిన గొంతుతో. "ఆవిడ నిద్రపోతోంది."

ఆ తర్వాత అంతా మంచిదారే పట్టింది. ఆసుపత్రివాళ్ళు వేరే మందిచ్చి, దాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. నిద్రలో పరీక్ష చేసి, మాత్రలు లేకపోయినా నిద్రలో గొంతు మూసుకుపోతోందని, ముక్కుకు మాస్కు తగిలించే గాలి మిషను రాశారు. డిపోలో ఉద్యోగం ఊడలేదు, పగటి డ్యూటీకి మార్చారంతే. చెల్లెలు వచ్చి మాస్కులో అన్నయ్యను చూసి, "విమానం నడపడానికి వెళ్తున్నట్టున్నావన్నయ్యా," అని నవ్వి, తర్వాత ఏడ్చింది. గండం గడిచిందన్నారు అందరూ.

నిద్ర లేకుండా పోయింది టైలరమ్మకు. బస్సులో ఎవరైనా కునికితే వాళ్ళ ఛాతీ కదులుతోందో లేదో చూస్తూ, దిగాల్సిన చోటు దాటిపోయేది. ఇంట్లో గాలి మిషను అదే పనిగా బుసకొడుతుంటే, ఆ చప్పుడు కింద అసలు ఊపిరి ఉందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టేది. అతను ఉలిక్కిపడి లేచి, ఆమె వేలు చూసి మళ్ళీ పడుకునేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అతను మాస్కు గొట్టం కడుగుతుంటే అడిగింది. "ఆ రోజు మాత్రలు ఎవరిచ్చారో నీకు గుర్తుందా?"

"మింగింది నేనే కదా."

"ఇచ్చిందెవరని అడుగుతున్నా."

"మింగింది నేనే," అన్నాడు తలెత్తకుండా. గొట్టం దులిపి ఆరేసి వచ్చాడు. "అద్దంలో నీ కళ్ళు చూసుకున్నావా? ఎలా గుంటలు పడ్డాయో. పడుకో కాసేపు. నేను మెలకువగా ఉంటాలే."

ఆమె పరదా వెనక మంచం మీద ఒరిగింది. అతను పీట లాక్కుని పక్కన కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంది గానీ నిద్ర ఆ చాయలకు రాలేదు. కాసేపటికి అతను ముందుకు వంగడం, ముఖం దగ్గరగా చెవి పెట్టడం తెలిసింది. ఆమె నిద్రపోయే మనిషిలాగే నిదానంగా, పొడుగ్గా ఊపిరి పీల్చడం, వదలడం మొదలుపెట్టింది. అతను తేలిగ్గా నిట్టూర్చి, వీధి చప్పుడు వినపడకుండా తలుపు దగ్గరికి వేయడానికి మునివేళ్ళ మీద వెళ్ళాడు. తిరిగొచ్చి కూర్చున్నాక కూడా, ఎక్కడా తేడా రానివ్వకుండా, ఆమె అలాగే పీలుస్తూ, వదులుతూ ఉంది.