హులిగమ్మ, కంటికి కనబడని వెలుగు

హులిగమ్మది ఆదోని దగ్గరి కోసిగి. వానలు మొహం చాటేసిన ఏడల్లా ఆమె అమ్మానాన్నలు బెంగళూరు వెళ్లి, రోడ్ల పక్కన కేబుల్ కాలువలు తవ్వేవారు. ఆ మట్టికుప్పల మధ్యే ఆమె నడక నేర్చింది. తండ్రి పోయాక తల్లి పుల్లమ్మ ఒక్కతే పనికి పోతూ, కూతుర్ని హాస్టల్లో ఉంచి ఐటీఐ చదివించింది. ఇప్పుడు హులిగమ్మ ఆదోనిలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో టెక్నీషియన్.

మొన్న ఎండాకాలం పుల్లమ్మ బెంగళూరు నుంచి తిరిగొస్తూ ఆదోనిలో రైలు దిగి, మూట చంకన పెట్టుకుని నేరుగా కూతురి ఆఫీసుకే వచ్చింది. అదే సమయానికి ఎమ్మిగనూరుకు వెళ్లే ఇంటర్నెట్ లైను ఆగిపోయింది. అక్కడి ఆసుపత్రి నుంచి ఒకటే ఫోన్లు. అదే కంపెనీకి ఎమ్మిగనూరులో పనిచేసే నరేష్ ఫోన్లో అన్నాడు: "నా పక్క అంతా బాగుండాది అక్కా. నీ పక్కనుంచే లైటు రాకుండా ఉంది."

హులిగమ్మ తల్లికి కుర్చీ చూపించి, మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకుంది.

"అదేంటికి పాపా?"

"మన ఒంట్లో కొంచెం కరెంటు ఉంటాది మా, మనకు తెలీదు. తగిలితే ఈ పెట్టెలో ఉండే చిన్న సామాను కాలిపోతాది. ఈ పట్టీ దాన్ని భూమిలోకి పంపిస్తాది."

పాడైంది పెట్టెలోని వేలెడంత మాడ్యూల్. కరెంటును వెలుగుగా మార్చి గాజు తీగలోకి పంపేది అదే. హులిగమ్మ కంప్యూటర్లో అది కూర్చునే గూడును, అంటే పోర్టును, ఆపింది. ముందుగా తీగను ఊడదీసి, కొసకు మూత పెట్టబోతోంది. ఇంతలో పుల్లమ్మ లేచి వచ్చి ఆ కొస మీదికి వంగింది.

"వెలుగు పోయేది దీంట్లోనేనా? సూడనీ!"

"సూడొద్దు!" హులిగమ్మ గట్టిగా అరిచి, అరచేత్తో తల్లి కళ్లు మూసేసింది. "నరేష్ పక్కనుంచి వెలుగు వస్తానే ఉండాది మా. కంటికి కనపడదు గానీ కన్ను దెబ్బతింటాది."

పుల్లమ్మ ముఖం చిన్నబోయింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది.

హులిగమ్మ మనసు చివుక్కుమంది. అయినా పని ఆపలేదు. తీగకు మూత పెట్టింది. చిన్న కొక్కెం దించి, వేడిగా ఉన్న మాడ్యూల్‌ను అంచులు పట్టి లాగింది. అదే రకం కొత్తది టక్కుమనేదాకా తోసి, తీగ తగిలించి, పోర్టు తెరిచింది. పోర్టు పక్కనుండే దీపం వెలగలేదు. ఫోన్లో నరేష్ తొందరపెడుతున్నాడు. పోర్టు మళ్లీ ఆపి, తీగ తీసి, దుమ్ము పట్టిందేమోనని కొసను క్లీనర్‌తో తుడిచి పెట్టి, పోర్టు తెరిచింది. ఈసారి పచ్చదీపం వెలిగింది.

"వచ్చింది అక్కా!"

అప్పుడు హులిగమ్మ తల్లి దగ్గర కింద కూర్చుంది. "కోపమొచ్చిందా మా?"

"లేదులే. ఇన్నేండ్లు గుంతలు తవ్వి పైపులు పూడిస్తిమి. వాటిల్లో ఏం పోతాదో ఒక్కపారి సూద్దామనిపించింది."

హులిగమ్మ మూలనున్న, లోపల విరిగిన పాత తీగ తెచ్చింది. ఒక కొసకు మూత పెట్టి, రెండో కొసకు పరీక్ష చేసే ఎర్రలైటు తగిలించింది. తీగ విరిగిన చోట పైతొడుగులోంచి ఎర్రగా మెరిసింది.

"ఇట్ల పక్కనుంచి సూడు. ఇది కనపడే రకం."

పుల్లమ్మ చాలాసేపు చూసింది. "మీ నాయన సూసుంటే బాగుండు," అంది. కూతురు ఎర్రలైటు ఆపి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ ఏడు బెంగళూరు పోవద్దు మా. నా దగ్గరుండు."

"వానలు పడనీ, సూద్దాం."

వానలు అంతంతమాత్రంగానే పడ్డాయి. పుల్లమ్మ మాత్రం వెళ్లలేదు.