సున్నం పూసిన రాయి

నా చిన్నప్పుడు ఎల్‌బీ నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. ఇప్పుడు మెట్రో రైలు వచ్చి ఆగే చోటికి కాస్త అవతల, విజయవాడ రోడ్డు పక్కన మా పెద్దనాయన రేకుల షెడ్డు ఉండేది. మా నాన్నకు అన్న ఆయన. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, లారీల కింద పడుకుని పని నేర్చుకుని, చివరికి తనే మెకానిక్కయ్యాడు. సెలవులొస్తే నేను ఆయన వెనకే తిరిగేదాన్ని. పదేళ్ళ ఆడపిల్లకు ఏ నట్టుకు ఏ పానా పడుతుందో తెలుసని డ్రైవర్లు మెచ్చుకుంటుంటే నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

రోడ్డు మీద బండి ఆగిపోతే వెనక రాళ్ళు పేర్చడం మనవాళ్ళ అలవాటు. వెనక వచ్చేవాళ్ళకు అది గుర్తు. బండి బాగుపడగానే ఎక్కి వెళ్ళిపోతారు, రాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. ఆ తీరు చూస్తే మా పెద్దనాయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన వ్యానులో ఎప్పుడూ తడి సున్నం డబ్బా ఉండేది. చీకట్లో కూడా కనబడాలని రాళ్ళకు సున్నం పూయించేవాడు. పనయ్యాక వాటిని తీసేదాకా బండి కదిలించేవాడు కాదు. "పెట్టినోడే తియ్యాలె బిడ్డా. మన పని అయిపోయింది గని, ఎనక ఒచ్చేటోని పని ఇంక కాలే" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆదివారం, పెద్ద అంబర్‌పేట్‌లో చుట్టాలింట్లో దావత్ ఉంటే వ్యానులో బయలుదేరాం. హయత్‌నగర్ దాటాక టైరు పంక్చరైంది. రాళ్ళు పెట్టే పని నాది. అయిదు రాళ్ళు దొర్లించుకొచ్చి, బ్రష్షు కనబడకపోతే చేత్తోనే సున్నం పూశాను. ఒక రాయి మీద నా అరచెయ్యి అయిదు వేళ్ళతో అచ్చు పడితే ముచ్చటేసి అలాగే ఉంచాను. టైరు మార్చడం అయ్యేసరికి సున్నానికి చెయ్యి మండుతోంది, ఆకలేస్తోంది, మేం వెళ్ళేసరికి మటన్ అయిపోతుందేమోనని బెంగ. రెండు రాళ్ళు పక్కకు తోసి, మూడు వదిలేసి వ్యానెక్కాను. స్టీరింగు ముందు కూర్చున్న పెద్దనాయన "అన్నీ తీసినవా?" అని అడిగాడు. "తీసిన" అన్నాను. ఆయన అద్దంలోకి కూడా చూడలేదు. నా మీద అంత నమ్మకం ఉండేది అప్పుడు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆ చోటు దాటేదాకా నిద్ర నటించాను.

మా పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం కిరాయికి ఉండేది. ఆ ఇంటి అక్క బీఎడ్ చేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. నాకు తెలుగు వ్యాసాలు దిద్దిపెట్టేది ఆవిడే. వాళ్ళ నాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డాక ఇంట్లో సంపాదించే మనిషి లేడు. ఆయన ఒకప్పుడు నడిపిన పాత కారు గోడ పక్కన దుమ్ముకొట్టుకుపోతుంటే, పాడైపోకుండా మా పెద్దనాయనే వారానికోసారి స్టార్ట్ చేసి తిప్పుకొచ్చేవాడు. పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక బడిలో టీచరు కావాలంటే అక్క దరఖాస్తు పెట్టింది. దావత్ మర్నాడు, సోమవారం పది గంటలకు రమ్మన్నారు. ఉన్నది ఒకటే ఉద్యోగం. "బస్సుల్ల నలిగిపోవుడు ఎందుకమ్మా, ఎట్లయిన కారు తిప్పాలె గద, నేను దింపుత" అన్నాడు పెద్దనాయన. నేనూ వెనక సీట్లోకి ఎక్కాను. అంటే ఆదివారం అబద్ధం చెప్పి, సోమవారం అదే దారిన బయలుదేరానన్న మాట.

అక్క గంజి పెట్టిన చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. హయత్‌నగర్ దాటేదాకా నాకు ఆ రాళ్ళ సంగతే గుర్తు రాలేదు. గుర్తు రాగానే సీటు అంచుకు జరిగి ముందుకు చూశాను. మా ముందు లారీ వెళ్తోంది. దానవతల ఏముందో పెద్దనాయనకు కనబడదు, నాకు మాత్రం తెలుసు. "పెద్దనాయినా, జర మెల్లగ" అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అంటే ఎందుకని అడుగుతాడు. నిన్న అబద్ధమాడానని ఒప్పుకోవాలి, అదీ అక్క ముందు. ఎవరో ఒకరు తీసేసే ఉంటారని నాకు నేనే చెప్పుకుని కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళలో నేను చాలా తప్పులు చేశాను కానీ, ఆ కళ్ళు మూసుకోవడం అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి చేసినట్టు గుర్తు లేదు.

కారు అడుగున ధనామని తగిలింది. అయినా కారు ఆగలేదు. ఒక ఫర్లాంగు దూరం బాగానే పోయి, రెండు మూడుసార్లు దగ్గి, రోడ్డు వార ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. పెద్దనాయన హారన్ కొట్టి చూశాడు, గట్టిగానే మోగింది. బ్యాటరీ తప్పు కాదని తేల్చుకుని బానెట్ ఎత్తాడు. "బిడ్డా, ఉరికిపోయి ఏం తగిలిందో చూసి రా. దాన్ని బట్టి ఏడ చూడాల్నో తెలుస్తది" అన్నాడు.

ఆయన పద్ధతే అది. ఏ బండినైనా ముట్టుకునే ముందు ఏం జరిగింది, ఎట్లాంటి చప్పుడొచ్చింది, ఏం వాసనొచ్చింది అని తెచ్చినవాళ్ళను అడిగేవాడు. బండి అబద్ధం చెప్పదు, తెచ్చినోడే చెప్తడు అని షెడ్డులో నవ్వేవాడు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. రాయి ఒక పక్క చిట్లి, ఒరిగి పడి ఉంది. చిటికెన వేలు పోయింది గానీ తక్కిన నాలుగు వేళ్ళూ, అరచెయ్యీ తెల్లగా అలాగే ఉన్నాయి. దాన్ని పక్కన గుంతలోకి దొర్లించాను. మిగతా రెండు రాళ్ళ మీద నా చెయ్యి అచ్చు లేదు కాబట్టి వాటి జోలికి పోలేదు. ఇంకో బండికి తగులుతాయన్న ఆలోచన కూడా రాలేదు. తిరిగొచ్చి, "లారీ టైరు తొక్క" అని చెప్పాను.

పెద్దనాయన మొహం తేటపడింది. "గంతేనా. తొక్క ఎగిరి వైర్లకు చుట్టుకున్నట్టుంది. ఐదు నిమిషాల పని" అన్నాడు. అప్పుడే వెనక నుంచి బస్సొకటి వస్తోంది. అక్క దాన్ని ఆపడానికి సగం ఎత్తిన చెయ్యి దించేసింది. రాయి అని చెప్పి ఉంటే, అయిదు నిమిషాల్లో తేలే పని కాదని పెద్దనాయన తనే అడ్డం నిలబడి ఆ బస్సు ఆపి అక్కను ఎక్కించేవాడు.

ఆయన ప్లగ్గు విప్పి, వైరు కొసను ఇనుముకు దగ్గరగా పట్టుకుని, నన్ను తాళం తిప్పమన్నాడు. నీలంగా నిప్పురవ్వ పడింది. ఆ వైరు మంచిదే. ఇంకొకటి చూశాడు, అదీ మంచిదే. ఒక్కొక్క వైరునూ తడిమి, ముందు చక్రాల మధ్య దూరి, లేని రబ్బరు ముక్క కోసం వెతికాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. "గిదేం పరేషానో సమజైతలేదు" అని గొణుక్కున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా పానాలు అందిస్తున్నాను. రాయి తగిలిన బండికి మొట్టమొదట అడుగున ట్యాంకు నుంచి వచ్చే పైపు చూడాలని నాకు తెలుసు, షెడ్డులో ఆయనే నేర్పాడు. అరగంట గడిచింది. అక్క మొదట్లో నిమిషానికోసారి వాచీ చూసుకుంది. తర్వాత చూసుకోవడం మానేసింది.

చివరికి కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీస్తే చుక్క పెట్రోలు రాలేదు. ట్యాంకులో మాత్రం ఉంది. అప్పుడు ఆయన కారు వెనక వైపు కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. బయటికొచ్చి, "పెట్రోలు పైపు చపాతి లెక్క అణిగిపోయిందమ్మా" అని అక్కతో అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి చూపుడు వేలు చూపించాడు. దానికి తెల్లగా అంటుకుని ఉంది.

"టైరుకు సున్నం ఉండదు బిడ్డా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా.

కొట్టలేదు, తిట్టలేదు. కొడితే ఎంత బాగుండేదో. రబ్బరు పైపుతో నోటితో పీల్చి ట్యాంకులోంచి పెట్రోలు ఒక డబ్బాలోకి తీశాడు. డబ్బాను తాడుతో బానెట్ కింద ఎత్తుగా కట్టి, అక్కడి నుంచి పైపును నేరుగా కార్బురేటర్‌కు తగిలించాడు. తాళం తిప్పగానే కారు అందుకుంది. అప్పటికే పది దాటింది.

బడి దగ్గరికి చేరేసరికి పదిన్నర దాటింది. అక్క లోపలికి వెళ్ళి, అయిదు నిమిషాల్లోనే తిరిగొచ్చింది. "వేరేవాళ్ళని తీసేసుకున్నారంట బాబాయ్‌గారూ. పర్లేదులెండి, నా మూలాన మీరు పొద్దున్నించీ ఎండలో పడ్డారు" అంది. నా చెంప మీద గ్రీజు ఉంటే తన చేతిరుమాలుతో తుడిచింది. ఆ రుమాలు తడిగా ఉంది, లోపల ఆవిడ ఏడ్చిందని నాకు తెలిసిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆ చోట పెద్దనాయన కారు ఆపాడు. నావైపు తిరగలేదు. నేను దిగి రోడ్డు దాటి ఒక రాయి ఎత్తాను. అక్క కూడా దిగి వచ్చింది. "ఎవరు వదిలేశారో ఏంటో, ఎవరికైనా తగిల్తే ప్రమాదం కదూ. నీకెంత మంచి బుద్ధే" అంటూ రెండో రాయి తను పట్టింది. గంజి చీర కుచ్చిళ్ళకు నా సున్నం అంటుకుంది.

కొన్నాళ్ళకు ధైర్యం చేసి, అక్కకు ఎందుకు చెప్పలేదని పెద్దనాయనను అడిగాను. "నేను చెప్తే అది చాడీ అయితది. నువ్వు చెప్తేనే నీ మాట అయితది" అన్నాడు. నేను రేపు రేపనుకుంటూనే ఉన్నాను, ఈలోగా వాళ్ళు ఇల్లు మారిపోయారు. పెద్దనాయన నన్ను ఎప్పటిలాగే షెడ్డుకు తీసుకెళ్ళేవాడు, రాళ్ళు పెట్టించేవాడు. "తీసినవా?" అని అడిగేవాడు, "తీసిన" అనేదాన్ని. కానీ ఆ తర్వాత ప్రతిసారీ అద్దంలోకి ఒకసారి చూసేవాడు. పోయేదాకా ఆ అలవాటు మానలేదు.

పోయినేడు దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళ డాక్టరు దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను పోల్చుకుని చెయ్యి పట్టుకుంది. అక్కే. తర్వాత ఎక్కడో ఉద్యోగం దొరికి, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైందట. "ప్రతి ఏడూ మా క్లాసు పిల్లలకి నీ కథే చెప్పేదాన్నే. ఎవరూ చెప్పకుండానే రోడ్డు మీద రాళ్ళు తీసిన పిల్ల అని" అంది. ఎన్ని వందల మంది పిల్లలు ఆ కథ విన్నారోనని నాకు తల తిరిగిపోయింది. ఆ వరండాలోనే, మా వంతు వచ్చేలోగా, మొదటి నుంచి అంతా చెప్పేశాను.

అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ ఏడాదంతా నాకెక్కడా ఉద్యోగం రాలేదు. నాన్నగారికి కాలూ చెయ్యీ ఆడించి వ్యాయామం చేయించే మనిషిని మాన్పించేశాం. ఆయన మళ్ళీ లేవలేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. "అప్పుడే చెప్పుంటే నాలుగు కేకలేసి, నాలుగు రోజులకి మర్చిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద కేకలెయ్యను? ఆ పిల్ల లేదుగా."

లోపలికి పిలిస్తే లేచి వెళ్ళింది, వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు కూడా లేదు. ఈ రోజుకీ రోడ్డు మీద రాళ్ళు కనబడితే కారు ఆపి తీస్తాను. పుణ్యం కోసమని ఎవరైనా అనుకుంటే ఊరుకోను, కాదని చెప్తాను. ఎవరైనా ఏం జరిగిందని అడిగితే జరిగింది జరిగినట్టే చెప్తాను. కాకపోతే, చెప్పేముందు నా కుడి అరచెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం సున్నం తగిలినట్టు మండుతుంది.