పెట్టె లేని స్పీకరు

చెవి వెనక పెన్సిలు, కనుబొమ్మల్లో రంపపు పొట్టు లేకుండా ఆ వడ్రంగిని ఎవరూ చూసి ఉండరు. గాలి చొరబడని స్పీకరు పెట్టెలు చేయడంలో అతనికి అతనే సాటి. అలాంటిది, బస్సు కండక్టరు పని చేసే తోడల్లుడు పెట్టె అన్నదే లేకుండా ఒట్టి చెక్కపలకకి రెండు పెద్ద స్పీకర్లు బిగించి, వెనకంతా బార్లా వదిలేశాడు. దాని బేస్ మోత ఎంత శుభ్రంగా ఉందోనని చుట్టాలంతా ఒకటే పొగడ్త. వినడానికి వెళ్ళిన వడ్రంగి కడుపుమంటతో పలకకి సరిగ్గా పక్కన కుర్చీ వేసుకున్నాడు. ముందు మోత, వెనక మోత ఒకదాన్నొకటి మింగేసే చోటది. ఆ సంగతి అతనికి తెలుసు.

"ఏదీ, మోతే లేదే!" అన్నాడు.

"ఎదురుగా కూర్చోరాదూ? గుండెల్లో పలుకుతోంది," అంది భార్య.

"నాకిక్కడే బావుంది."

అందరూ భోజనాలకి లేవగానే, పలక వెడల్పు గబగబా జానలతో కొలవబోయాడు. మూడో జానకే తోడల్లుడు వెనక్కొచ్చాడు.

"కొలతలు రాసే ఉంచానన్నయ్యా, ఇదిగో. ఆరు పలకలు పాడుచేస్తేగానీ కుదరలేదు. నీ చేతిలో ఇంతకన్నా బాగా వస్తుంది."

వెక్కిరించినా బావుండేదనిపించింది వడ్రంగికి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అంచులు సాపు చేసుకోవద్దుటయ్యా, చేతికి గుచ్చుకుంటున్నాయి," అన్నాడు.